గట్టుమీది తాడు

ఫ్రాన్సు దేశమున తాతముత్తాతల నాటి ద్రాక్షతోటలను రసాయనములు లేక సాగుచేయుచు, తమ పండ్లనే పులియబెట్టి మద్యము చేయు కుటుంబములను మనము మెచ్చుకొందుము. కాని జగిత్యాలనుండి కోరుట్లకు పోవు ప్రాంతమున, నీరు పెట్టువారు గాని ఎరువు వేయువారు గాని లేకయే వరిపొలముల గట్లపై నిలిచిన తాళ్ళును, ఈదులును, వానిని తరతరములుగా గీచి బ్రదుకు గౌడ కుటుంబములును అట్టి గౌరవమునకే పాత్రములని మనకు తోచకుండుట నాకు బాధ కలిగించుచున్నది.

ఈ వృత్తియందలి వివేకమంతయు కత్తివాదరయందున్నది. మోకు బిగించి, నడుమున ముస్తాదు కట్టి తాడెక్కిన గౌడన్న గెలకొనను పలుచని పొరగా మాత్రమే చెక్కి, లొట్టి కట్టి దిగును; ఆశపడి లోతుగా కోసెనా, గెల త్వరగా తరిగిపోవును. ఈత విషయమున జాగ్రత్త యింకను హెచ్చు. అక్కడ మ్రానునే గీయవలయును గనుక, ఒక యేట ఒక వైపును, మరుసటి యేట ఎదుటి వైపును గీచి, నడుమ నడుమ గాయము ఆరుటకు చెట్టును విడిచిపెట్టుదురు. ఆ మ్రానుమీది గంట్లను లెక్కించినచో అది ఎన్ని యేండ్లు ఒక యింటిని పోషించినదో తెలియును.

కల్లు పులియుటకు ఏమియు కలుప పనిలేదు. సహజ సూక్ష్మజీవులే కొలది గంటలలో ఆ పని చేయును. లొట్టికి సున్నము పూసితిమా, రసము పులియక నీరాగా నిలుచును.

ఇట్టి వృత్తికి అపకీర్తి తెచ్చినది చెట్టు కాదు, చెట్టుతో పనిలేని కల్తీ. క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలాము వంటి మందులు కలిపిన కల్లు ఎందరి ఆరోగ్యమునో హరించినది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున ప్రాణములనే తీసినది. సిరిసిల్లలో దినమంతయు మరమగ్గముల హోరులో నిలిచి, మాపటివేళ కల్లు మండువకు పోవు కార్మికునకు చెట్టు కల్లు దొరకవలెనన్నచో ముందు చెట్టుండవలయును గదా! పొలమున యంత్రము తిరుగుటకు అడ్డమని ఒక్క పూటలో పెకలించిన తాడునకు బదులు మరియొకటి గెల వేయుటకు పండ్రెండేండ్లకు పైగా పట్టును.

ప్రభుత్వమును కొంత పూనుకొనకపోలేదు. 2015లో మొదలైన హరితహారమను మొక్కల పెంపక పథకమున ఈత, తాటి మొక్కలు నాటిరి. 2023లో హైదరాబాదున నీరా కేఫ్ తెరచిరి. 2024లో కాటమయ్య రక్షణ కవచము పేర చెట్టెక్కువారికి భద్రతా సామగ్రి ఇచ్చుట మొదలిడిరి. వీనిలో కవచమునకే నేను పెద్దపీట వేయుదును. తండ్రి పడిన చెట్టును కొడుకు ఎక్కడు. గట్టు యజమానికి చెట్టుకింతయని యేటేట ప్రతిఫలము ముట్టు ఏర్పాటు కూడ జరుగవలయును. అంతవరకు, ఈ వానకాలమునకు ముందు గట్టు చదును చేయబూనిన రైతు, యంత్రమును పిలుచుటకు మునుపు ఆ తాడు గీయు గౌడన్నను పిలిచి ఒక్కమాట అడుగవలయునని నా ప్రార్థన.

— గ్రామవాసి