చాచిన చేయి, ఆగని బండి

శంషాబాదు ఊరి మీదుగా పోవు బెంగుళూరు రహదారిని దాటబోవు మనిషి, వచ్చుచున్న వాహనము వంక తదేకముగా చూచుచు, అరచేతిని దానికడ్డముగా చాచి, ఒక్కొక్క అడుగే వేయును. కారులోనివారు దీనిని క్రమశిక్షణారాహిత్యమందురు. నాకు మాత్రమిందొక ప్రాచీనమైన మర్యాద గోచరించుచున్నది.

చార్మినారు చుట్టుపట్ల, బేగంబజారు సందులలో ఆ చాచిన చేయియే శాసనము. ఆటోవాడు దానిని చూచి కొంచెము తగ్గును, నడచువాడు కొంచెము త్వరపడును, మాటలేని ఆ ఒప్పందము నిరాటంకముగా చెల్లుచుండును. ఏలయన, గంటకు 20 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు అయిదున్నర మీటర్లే కదలును గనుక, చూపులు కలియుటకు వ్యవధి యుండును. వేగము 80కి పెరిగినచో, బ్రేకు మీద కాలు పడకమునుపే 22 మీటర్లు గడచిపోవును. మూడు వరుసల దారిని, అనగా పదిన్నర మీటర్లను, దాటుటకు సామాన్యునికి రమారమి తొమ్మిది సెకన్లు పట్టును. ఆలోపల 200 మీటర్ల ఆవలనున్న కారు అతని మీదికి వచ్చును. ముసలివారి సంగతి చెప్పనేల!

2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెరువబడినది. మరుసటి యేట మెహిదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చినది. ఔటర్ రింగు రోడ్డుపై పాదచారికి ప్రవేశమే లేదు. కఠినమైనను అది స్పష్టమైన న్యాయము. ఊరి మీదుగా పోవు పాత బెంగుళూరు రహదారి యట్లుగాక, ప్రయాణికునికి విమానపు బాటగను, ఊరివారికి వీధిగను ఏకకాలమున ఉండవలసివచ్చినది.

జీబ్రా గీతలకడ నడచువానికి దారి యీయవలెనని 2017 నాటి మోటారు వాహన చోదన నిబంధనలు విధించినవి. కాలిబాట జీవనహక్కులో భాగమేయని 2025 మేలో సుప్రీంకోర్టు పలికినది. అయినను మన అధికారులకు తోచు చికిత్స తరచుగా పాదచారుల వంతెనయే. మెట్లెక్కుమని ఉపదేశించువారు కూరగాయల గంప నెత్తిన బెట్టుకొని ఒక్కమారెక్కి చూతురు గాక!

వలసినది నేలమీదనే దాటుబాట: బస్సులాగు చోటికి చేరువగా, మీట నొక్కినంతనే కార్లనాపు సిగ్నలుతో, దానికి ముందే వేగమును విరుచు ఎత్తుగడ్డతో. విమానము తప్పునని కొందరాక్షేపింతురు. రెండు గంటలు ముందుగా చేరవలెనని బయలుదేరువారికి ఊరిలో అరనిమిషము నిలుచుట వలన ఏ విమానమును తప్పదు.