కడలి మీద రెండో కొలువు

— బి.ఎస్సీ. ఆఖరు సంవత్సరం విద్యార్థి, బుచ్చిరెడ్డిపాలెం

పదిహేనేళ్ళు దేశానికి కాపలా కాసినవాడు ఆ తర్వాత దేనికి కాపలా కాయాలి? మన సమాజం యీ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పేసింది. బ్యాంకు గేటుకు, ఏ.టి.ఎం. గదికి, నెల్లూరు అపార్టుమెంట్లకు! నౌకాదళంలో మామూలు నావికుడు పదిహేనేళ్ళ సర్వీసు ముగించుకొని వచ్చేసరికి అతని వయస్సు ముప్పైమూడో, ముప్పైఅయిదో. చాలామంది అప్పుడే జీవితంలో కుదురుకుంటూ వుంటారు. అతన్ని మాత్రం మనం ‘రిటైరయ్యాడు’ అంటాం.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేననను. రక్షణ శాఖ కింద పునరావాసానికి ఒక డైరెక్టరేటే వుంది. సర్వీసు చివర్లో శిక్షణలిస్తుంది, సెక్యూరిటీ ఏజెన్సీలకు మాజీ సైనికులను సమకూరుస్తుంది. జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. సెక్యూరిటీ పని చిన్నదని కూడా నేననను. చెమటోడ్చే ఏ పనీ చిన్నది కాదు. కానీ ఓడ ఇంజను గదిలో ఎదిగినవాడికి, నడిసముద్రంలో దారి తప్పకుండా నడవడం నేర్చినవాడికి, గేటు తీసి గేటు మూసే పని తప్ప మరొకటి మన కంటికి కనిపించకపోవడం ఎవరి లోపం?

మా మేనమామ నౌకాదళంలో ఇంజను మెకానిక్కుగా చేసి వచ్చాడు. ఇంటిల్లిపాదీ ఇచ్చిన సలహా పైన చెప్పిందే. ఆయన మాత్రం, ‘‘సముద్రం పక్కన పెట్టుకోని గేటుకాడ ఎందుకు కూర్చోవాలబ్బయా?’’ అన్నాడు. ఆయన మనసులో వున్నది, సరదాకు గాలం వేసేవాళ్ళను సముద్రం మీదికి తీసుకుపోయే పడవ. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఆలోచనలో నిజమెంత, కల ఎంత అని లెక్క వేసి చూశాను. యీ వ్యాసం ఆ లెక్కే.

ఆ వ్యాపారాన్ని చార్టరు ఫిషింగ్ అంటారు. పడవ, నడిపేవాడు, రాడ్లు, రీళ్ళు, ఎర, మంచుపెట్టె అన్నీ పడవవాడివే. వచ్చినవాడు రోజుకింతని బాడుగ ఇస్తాడు. చేప పడినా పడకున్నా బాడుగ బాడుగే. దీనికి వయస్సు బాగానే వుంది. 1898లో కాలిఫోర్నియా దగ్గర కాటలీనా దీవిలో ఛార్లెస్ హోల్డర్ అనే ఆయన రాడ్డూ రీలుతో 183 పౌన్ల ట్యూనాను, అంటే సుమారు 83 కిలోల చేపను, పట్టాడు. ఆ ఏడే అక్కడ ట్యూనా క్లబ్బు పెట్టారు. 1939లో అంతర్జాతీయ సంఘం ఏర్పడి, ఏ బలం తీగెతో ఎంత బరువు చేప పట్టారో రికార్డులు రాయడం మొదలుపెట్టింది. యీనాడు అమెరికా తీరం పొడవునా యీ పడవలున్నాయి. వాటిని నడిపేవాళ్ళలో సైన్యం నుంచి వచ్చినవాళ్ళకు కొదవ లేదు.

అందుకు కారణం వుంది. అక్కడ ఆరుగురు ప్రయాణికుల వరకూ తీసుకుపోయే చిన్న పడవకు తీర రక్షక దళం విడిగా లైసెన్సు ఇస్తుంది. 360 రోజుల సముద్రానుభవం చూపించాలి, పరీక్ష ప్యాసు కావాలి. నౌకాదళంలో ఓడ మీద గడిపిన కాలాన్ని నియమాల ప్రకారం యీ లెక్కలో కలుపుతారు. చూశారా మిత్రులారా! ‘నీవు నేర్చింది వృథా కాదు’ అని ప్రభుత్వమే కాగితం మీద రాసి ఇచ్చినట్టయింది. అంతేకాదు, 2005లో వాషింగ్టన్ వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో, గాయపడిన సైనికులకు గాలంవేట నేర్పే కార్యక్రమం మొదలయింది. మొదలుపెట్టింది నౌకాదళంలో కెప్టెనుగా పనిచేసి రిటైరయిన ఎడ్ నికల్సన్. మనిషికి జీతంతో పాటు మనసు కుదుటపడే పని కూడా కావాలని వాళ్ళు గుర్తించారు.

మన దేశంలో యిది లేదా? వుంది. అండమాన్ దీవుల్లో పెద్ద పార చేపల కోసం విదేశాల నుంచి వస్తున్నారు. మరి బుచ్చి నుంచి నలభై కిలోమీటర్లు పోతే మైపాడు. మన జిల్లాకు ఇంత సముద్రం వుండి కూడా రైతుబిడ్డలమైన మనకు నీళ్ళంటే కనిగిరి రిజర్వాయరు, పెన్న కాలువలే. మా నాన్న నారు చూసి దిగుబడి చెప్పగలడు. మైపాడులో మోకాటి లోతు దాటి దిగడు.

ఇక లెక్క. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ, 61 రోజులు, మోటారు పడవల వేట నిషేధం. అది చేపలు గుడ్లుపెట్టే కాలం, నిషేధం న్యాయమే. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మనకు వాయుగుండాల కాలం. 1989 నవంబరులో ‘గే’ తుఫాను కావలి దగ్గర తీరం దాటిన సంగతి మన పెద్దలింకా చెబుతారు. ఆ మూడు నెలలు 92 రోజులు. రెండూ తీసేస్తే ఏడాదికి మిగిలింది 212 రోజులు. సరదాకు వచ్చేవాళ్ళు చెన్నై, నెల్లూరు, బెంగుళూరు ఉద్యోగస్తులే కాబట్టి శని, ఆదివారాలే వస్తారు. అంటే ఏడాదికి అరవై రోజులు! ఆ అరవైలో గాలి పెరిగిన రోజులున్నాయి. ఒకప్పుడు మన జిల్లాలో వుండిన శ్రీహరికోటలో రాకెట్టు వదిలే రోజు సముద్రంలో కొంత మేర పోవద్దని హెచ్చరిస్తారు. ఇవన్నీ పోగా నలభై, యాభై రోజుల బాడుగతో పడవ అప్పు తీరాలి, ఇంజను రిపేరు కావాలి, డీజిలు పోయాలి, ఇల్లు గడవాలి. గిట్టుబాటవుతుందా? కాదు. ఎకరా వరి కౌలుకు తీసుకొనే రైతుకు కూడా యీమాత్రం లెక్క తెలుసు.

మరి మామ కల కల్లేనా? కాదంటాను. తప్పు కలలో లేదు, పడవ కొనాలనుకోవడంలో వుంది.

పడవలు మైపాడు తీరంలో యిప్పటికే వున్నాయి. పట్టపు కులస్థుల ఫైబరు పడవలు రోజూ వేటకు పోతున్నాయి. బోగోలు మండలం జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బరు కూడా కట్టారు. వంజరం ఏ నెలలో దగ్గరికి వస్తుందో, నీటి రంగు మారితే ఏ చేప తగులుతుందో ఆ పడవవాడికి తెలిసినంత ఏ నౌకాదళం వాడికీ తెలియదు. మామ వెంట నేనూ ఒకసారి తీరానికి పోయినప్పుడు ఒక పెద్దాయన అన్న మాట: ‘‘మీరు చెప్పేది వారానికి రెండు రోజుల పని అన్నా. మిగతా అయిదు రోజులు పడవను వూరికే యెండబెడితే ఎట్టా?’’ నా మటుకు సమస్యా, పరిష్కారమూ రెండూ ఆ మాటలోనే వున్నాయి. అయిదు రోజులు అది వేట పడవ. రెండు రోజులు చార్టరు పడవ. పడవా, చేప జాడా మత్స్యకారుడివి. మాజీ నావికుడిది ఇంజను, వైర్‌లెస్, ప్రథమచికిత్స, వాతావరణ హెచ్చరిక, ప్రయాణికుల పట్టీ, జమాఖర్చు. రాబడి పంచుకుంటారు. అప్పు ఎవరికీ లేదు.

నావికుడు తెచ్చే ఆ క్రమశిక్షణ విలువ ఎంతో మన రాష్ట్రానికి తెలిసినంత మరొకరికి తెలియకూడదు. 2017 నవంబరులో కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలువాళ్ళు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద వుండగా పోయిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి యాభైమంది దాకా చనిపోయారు. ‘లైఫ్ జాకెట్టు వేసుకోనివాడు పడవ దిగిపోవాలి’ అని గట్టిగా చెప్పేవాడు, ‘ఇవాళ నీళ్ళు బాగాలేవు, బాడుగ వాపసిస్తా’ అనగలిగేవాడు మనకు కావాలి. ఆ మాట అనడానికి పదిహేనేళ్ళ శిక్షణ వున్నవాణ్ణి మనం అపార్టుమెంటు ముందు కుర్చీలో కూర్చోబెట్టాం.

కొందరు మిత్రులు రెండు ఆక్షేపణలు చెప్పారు. మొదటిది: తిండికి కాకుండా ఆటకు చేపను హింసించడం ఏమిటని. న్యాయమైన ప్రశ్నే. పట్టి వదిలేస్తే చాలనుకోవడం సైన్సు విద్యార్థికి తగదు. చేప ఎంతసేపు పెనుగులాడితే దాని కండరాల్లో అంత లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది; వదిలినా బతకకపోవచ్చు. కొన వంగిన గుండ్రని గాలం వాడితే అది కడుపులో దిగకుండా దవడ మూలన తగులుకుంటుంది. గట్టి తీగె వాడి త్వరగా లాగాలి, వదిలేదాన్ని నీళ్ళలోంచి పైకెత్తకుండానే వదలాలి. తినే చేపను లెక్కగా తెచ్చుకోవాలి. తాబేళ్ళు, తిమింగల సొర వంటివి చట్టం కాపాడే ప్రాణులు. వాటి జోలికి పోరాదు. యిది నేర్పేవాడు లేకుంటే నేనూ యీ ఆటను ఒప్పుకోను.

రెండోది ఇంకా పెద్దది. తీరం మీదికి మెట్టవాళ్ళం మనం పోయిన ప్రతిసారీ అక్కడివాళ్ళకు ఏం మిగిలింది? 1990ల మొదట్లో డబ్బున్న రైతులు, కంపెనీలు తీరమంతా రొయ్యల గుంటలు తవ్వించారు. తాగేనీళ్ళు ఉప్పుబడ్డాయి, సముద్రానికి పోయే దారులు మూసుకుపోయాయి. చివరికి 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. ఇప్పటికే కడలూరు వైపు పెద్ద బోట్లతో మన మత్స్యకారులు తగాదా పడుతున్నారు. అందుకే, పడవ మత్స్యకారుడి పేరునే వుండాలని నేను పట్టుబడుతున్నాను. పెట్టుబడి వున్నవాడు పది పడవలు కొని, పట్టపువాణ్ణి కూలీగా పెట్టుకొనే చార్టరు వ్యాపారం మనకు వద్దే వద్దు.

ఇదంతా మా మామ ఒక్కడి గొడవ కాదు. 2022లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ళ సర్వీసు; నూటికి ఇరవైఅయిదు మందినే వుంచుకుంటారు. మిగతావాళ్ళకు సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధి ఇస్తారు, పింఛను లేదు. నాతో ఇంటర్ చదివినవాళ్ళలో అగ్నివీరులున్నారు. వాళ్ళు ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ళకు చేతిలో పదకొండు లక్షలతో వూరికి దిగుతారు. పింఛను వున్న మా మామ పడవ కొని నష్టపోయినా అన్నం తింటాడు. పింఛను లేని కుర్రవాడు ఆ డబ్బంతా ఒక్క పడవలో పోస్తే ఏమవుతాడు? వాళ్ళు దిగకముందే దారి వేసి వుంచడం మన పని కాదా?

అందుకు పెద్ద పథకాలు అక్కరలేదు. సరదా వేటకు తీసుకుపోయే చిన్న పడవకు విడిగా ఒక లైసెన్సు తరగతి పెట్టాలి. నౌకాదళ సర్వీసును ఆ అర్హతలో లెక్కించాలి. లైసెన్సు మత్స్యకారుడూ, మాజీ సైనికుడూ జంటగా అడిగితేనే ఇవ్వాలి. ప్రయాణికులకు బీమా తప్పనిసరి చేయాలి. సైనిక సంక్షేమ కార్యాలయమూ, మత్స్యశాఖా ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఒక నెల పని యిది.

మనవంతు కూడా వుంది. జంతుశాస్త్రం చదివేవాళ్ళు పట్టిన చేపల పొడవు, బరువు, తేదీ రాసిపెట్టే పుస్తకం ఆ పడవల మీద వుంచవచ్చు. తీరం గురించి అంతకన్నా మంచి ప్రాజెక్టు దొరకదు. కామర్సు మిత్రులు వాటా ఒప్పందం రాసిపెట్టవచ్చు. విద్యార్థి సంఘం వచ్చే ఏడు విహారయాత్రకు మైపాడు పోయి, ముందు పడవవాళ్ళతో ఒక పూట కూర్చొని మాట్లాడాలని నా మనవి. జనవరి, ఫిబ్రవరి అయితే నీళ్ళు నెమ్మదిగా వుంటాయి.