పోలీసు చర్యయు పాతనగరమును

సెప్టెంబరు 17వ తేదీ సమీపించినప్పుడెల్ల మన రాష్ట్రమున నొక నామకరణ వివాదము తలయెత్తుచున్నది. 2022లో కేంద్ర ప్రభుత్వమువారు దానిని విమోచన దినమనిరి. ఆ యేడే రాష్ట్ర ప్రభుత్వమువారు సమైక్యతా దినమనిరి. అధికారము చేతులు మాఱినపిదప 2024లో దానికి ప్రజాపాలన దినోత్సవమని మఱియొక పేరు కలిగెను. విలీనమనువారు కలరు, విద్రోహమనువారు కలరు. ఒక్క బిడ్డకు నాలుగు పేర్లు పెట్టుట మన యిండ్లలోను గలదు గాని, ఆ పేర్లకొఱకు తలలు పగులగొట్టుకొనుట లేదు. ఈ కోలాహలమున నొక ప్రశ్న మఱుగుపడినది. ఆనాడు వీథులలో నున్న జనులు ఆ సైన్యము నెట్లు చూచిరి?

1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము షోలాపూరు దిక్కునుండియు, బెజవాడ దిక్కునుండియు నైజాము సరిహద్దు దాటెను. 17వ తేదీ సాయంకాలము నిజాము మీర్ ఉస్మానలీఖాను, తన మంత్రివర్గము రాజీనామా నిచ్చినదనియు, రజాకారు దళములు నిషిద్ధములనియు రేడియోలో స్వయముగా ప్రకటించెను. మఱునాడు నైజాము సేనాపతి ఎల్ ఎద్రూసు మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయెను. ట్యాంకులును విమానములును పాల్గొన్న యీ కార్యమునకు పోలీసు చర్య యని పేరు. ట్యాంకులుగల పోలీసు ఠాణాను మేమింతవఱకు జూడలేదు. ఐనను ఆ పేరునకు కారణము లేకపోలేదు. లాయఖలీ ప్రభుత్వము తనది స్వతంత్రరాజ్యమని యెంచి, వచ్చినది పరదేశసైన్యమని ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి మొఱపెట్టుకొనెను. ఢిల్లీవారు ఇది యింటి వ్యవహారమనిరి. ఇంటి వ్యవహారమున యుద్ధమను మాట పొసగదు గదా!

స్వదేశమో పరదేశమో న్యాయవాదులు తేల్చుకొందురు గాక. వచ్చిన సిపాయిలలో పెక్కుఱ భాష సూర్యాపేట రైతునకు తెలియదు. వారి బండిపై నెగురుచున్న జెండామాత్రము తెలియును. ఆ జెండా నెత్తినందుకే 1947 ఆగస్టు మొదలు స్టేట్ కాంగ్రెసువారు వేలకొలది కారాగృహములకు బోయియుండిరి. 1948 ఆగస్టు 27న రజాకారులును నైజాము సిపాయిలును భైరాన్‌పల్లిపై బడి, మగవారిని వరుసగా నిలిపి కాల్చి చంపిరి. ఆ నెలలోనే ఇమ్రోజు పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాను, హైదరాబాదు భారతదేశమున జేరుటయే మేలని వ్రాసినందుకు, నగరవీథిలో హతుడయ్యెను. ఇల్లువాకిళ్ళు విడిచి సరిహద్దు కావల శిబిరములలో తలదాచుకొన్న కుటుంబములు వేలకు వేలు. ఇట్టి జనులు సైన్యమునకు ఎదురేగి పూలు చల్లిరన్న నందు వింత లేదు. ఆ సంతోషమును నేడు కొందఱు పండితులు శంకించుట న్యాయము గాదు. మెడమీది కత్తి తొలగినవాడు, దానిని తొలగించినవాని గోత్రమడుగడు.

కాని మూసీ దాటి దక్షిణమునకు బోయినకొలది ఆ సంతోషము పలుచబడెను. చార్మినారు చుట్టునున్న పాతనగరము, తరతరములుగా దర్బారు నీడను బ్రతికినది. సిపాయి, గుమాస్తా, మన్సబుదారు, జాగీరుదారుని లెక్కలు వ్రాయు మున్షీ, దేవడీలో వంటమనిషి, వీరందఱి పొయ్యిలోని నిప్పు దర్బారునుండి వచ్చినదే. పాతనగరవాసికి నిజాము నిరంకుశుడని తెలియకపోలేదు. ఐనను అతని జీతము ఆ నిరంకుశుని చేతిలో నున్నది. అందు రజాకారుల నసహ్యించుకొన్న ముస్లిములు లేరా? కలరు. షోయబుల్లాఖాను పత్రికలో భారతసమాఖ్యలో జేరుటను గోరుచు ఏడుగురు ముస్లిము ప్రముఖులు ప్రకటన గావించిరి. ఐనను, ఎఱ్ఱకోటపై ఆసఫ్‌జాహీ పతాకము నెత్తుదునని బీరములు పలికిన కాసిం రజ్వీ మాటలకు చప్పట్లు కొట్టినవారును, కొట్టనివారును, 18వ తేదీన ఒక్కటే భయముతో తలుపులు బిగించుకొనిరి. నగరమున వీథిపోరాటము జరుగలేదు. ఎదురెదురుగా నున్న రెండిండ్లలో ఒక యింటికి వచ్చినది స్వసైన్యము, మఱియొక యింటికి పరసైన్యము. ఆ భేదమును భద్రతామండలి తీర్పజాలదు.

తరువాత నేమయ్యెను? నైజాము సైన్యము రద్దయ్యెను. 1949 ఆగస్టులో జాగీరులు రద్దయ్యెను. అది జరుగవలసినదే. ఆ జాగీరుల క్రింద నలిగిన రైతును తలచినవాడెవడును దానికి కన్నీరు కార్పడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధన పోయి ఇంగ్లీషు వచ్చెను. ఉర్దూలో పట్టము గొన్నవాడు ఒక్క యేటిలో నిరక్షరాస్యుడయ్యెను. బార్కసు ప్రాంతపు అరబ్బులలో పలువురు నిర్బంధింపబడి, ఓడలెక్కింపబడిరి. ఇక ప్రభువో? ఆయనకు సాలున ఏబదిలక్షల భరణము. 1950 జనవరి 26 మొదలు 1956 అక్టోబరు ఆఖరువఱకు రాజప్రముఖ పదవి. ప్రభువు నిలిచెను, బంట్రోతు పడెను. నిరంకుశుని గూలద్రోసితిమని చెప్పుకొను మనము ఈ సంగతి యొకపరి యోచింపవలదా?

ఇది నగరము మాట. జిల్లాలలో జరిగినది వ్రాయుటకు కలము జంకుచున్నది. ప్రధానమంత్రి నెహ్రూ పంపగా పండిత సుందరలాలు, కాజీ అబ్దుల్ గఫారు మొదలగువారు 1948 నవంబరు, డిసెంబరు నెలలలో పదునాఱు జిల్లాలలో తొమ్మిదింట సంచరించిరి. పోలీసు చర్యవేళను, తరువాతను చంపబడినవారు ఇరువదియేడు వేలనుండి నలువది వేలవఱకు నుందురని వారి యంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలయం దీ ఘోరము పరాకాష్ఠ నందెను. చచ్చినవారిలో మిక్కిలి యెక్కువమంది ముస్లిములు. చంపినవారు పెక్కుచోట్ల ఇరుగుపొరుగువారు. కొన్నిచోట్ల సిపాయిలును, పోలీసులును అందు పాలుపంచుకొనిరని వారు వ్రాసిరి. సాధువర్తనులైన సైన్యాధికారులను గూర్చియు వ్రాసిరి. ముస్లిము సాలెవారిని గాపాడుటకై హిందూ సాలెవారు హిందువులతోనే పోరాడి ప్రాణములు విడిచిన వృత్తాంతమును అందు గలదు. సర్దారు పటేలున కీ నివేదిక సమ్మతము గాలేదు. అది 2013 ప్రాంతమునగాని లోకుల కంటబడలేదు. అఱువదియైదేండ్లు ఒక దేశము తన శవముల లెక్క తాను చూడక యుండెను.

రజాకారులు చేసినదానికి ఇది ప్రతీకారమని సమాధానము చెప్పువారు గలరు. భైరాన్‌పల్లిలో తుపాకి పేల్చినవానిని పట్టి శిక్షింపుడు, కాదనువారు లేరు. ఉస్మానాబాదులోని కమ్మరి భైరాన్‌పల్లి యెచ్చట నున్నదో యెఱుగడు.

మన పాఠకులలో భూస్వాములు గలరు గావున మఱియొక మాట దాచక చెప్పవలసియున్నది. నల్లగొండ, వరంగల్లు పల్లెలనుండి పారిపోయిన దేశముఖులలో పెక్కుఱు సైన్యము వెనుకనే మరలివచ్చిరి. నిన్నటివఱకు రూమీటోపీ ధరించినవారు నేడు గాంధీటోపీ పెట్టిరి. కమ్యూనిస్టులు పంచిన భూములను మరల గొనిరి. పూలు చల్లిన రైతే, నెల తిరుగకమున్నే, ఆ సైన్యమునకు వెఱచి అడవి బట్టెను. ఆ పోరు 1951 అక్టోబరువఱకు సాగెను. కమ్యూనిస్టుల మార్గము మాకు సమ్మతము గాదు. ఐనను ఆ రైతు కృతఘ్నుడని నిందించుట కొఱగాదు. అతడు స్వాగతమిచ్చినది స్వేచ్ఛకు, వచ్చినది దొర.

ఇట్టిది లోకమున మన కొక్కరికే గాదు. 1979 జనవరి 7న వియత్నాము సైన్యము పోల్‌పాటును తఱిమి నాంపెన్ ప్రవేశించెను. చావు తప్పిన కాంబోడియావారు బ్రతికితిమనుకొనిరి. ఆ సైన్యము పదేండ్లు కదలలేదు. ఆ తేదీ విజయమా, దురాక్రమణమా యని అచ్చటను తగవే. 2003 ఏప్రిల్ 9న బాగ్దాదులో సద్దాము విగ్రహమును గూల్చిన వేడుక లోకమెల్ల జూచెను. వెంటనే ఆసుపత్రులను, పురావస్తుశాలను దోచుచున్నపుడు సిపాయిలు చూచుచు నిలిచిరి.

హైదరాబాదు ప్రజల నభిప్రాయ మడిగినది 1952 ఎన్నికలలోనే. నూట డెబ్బదియైదు స్థానములలో కాంగ్రెసునకు తొంబదిమూడు వచ్చెను. ఇది సెప్టెంబరు 17ను మెచ్చుటయే. అదే యెన్నికలలో నల్లగొండవారు కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిని దేశమున నెవరికిని రానన్ని యోట్లతో పార్లమెంటునకు బంపిరి. ఇది తరువాతి మూడేండ్లను నిరసించుట. ఒక్క ప్రజయే రెండు మాటలును చెప్పెను. పాతనగరపు జవాబు ఆలస్యముగా వచ్చెను. 1962లో పత్తర్‌గట్టీవారు పునరుద్ధృతమైన మజ్లిస్ పక్షపు అభ్యర్థి నెన్నుకొనిరి. 1967 ఫిబ్రవరిలో నిజాము మరణింపగా ఆ శవయాత్రకు జనము సముద్రమువలె వచ్చెను. ఆ జనము నిరంకుశత్వమునకై యేడ్చెనని మేమనుకొనము. తమ కాలము పోయినదని యేడ్చినవారు అందు పెక్కుఱుందురు.

కావున ప్రభుత్వములవారికి మా మనవి యిది. వచ్చు సెప్టెంబరు 17నాటికి దినమునకు క్రొత్త పేరు వెదకుట మానుడు. సుందరలాలు నివేదికను తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషలలో అచ్చువేయింపుడు. రజాకారుల చేత హతులైనవారి పేర్లను, పోలీసు చర్యవేళ హతులైనవారి పేర్లను, గ్రామము వారీగా సేకరించి, ఒకే సంపుటమున ప్రకటింపుడు. ఒక ప్రతి భైరాన్‌పల్లి బురుజువద్దను, ఒక ప్రతి చార్మినారు సమీపమున నొక గ్రంథాలయమునందును ఉంచుడు. వ్యయము ఒక్కనాటి సభావేదిక అలంకారమునకు మించదు.