80 దినాల హాజరు ఎవరి కాయితంల ఉన్నది?

డిగ్రీ కాంగనే మన ఊర్ల ఆడపిల్లలు కరీంనగర్, వరంగల్, హైదరాబాద్ బట్టల దుకాండ్లల్ల, ప్రైవేటు దవాఖాన్లల్ల నౌకరికి కుదురుతున్రు. లగ్గమైతది, నీళ్లోసుకుంటది. ఆరో నెల పడంగనే ఓనరు మాట ఒక్కటే: "నువ్వు పర్మినెంటు కాదు, ఏడాది గూడ నిండలె. లీవు రాదమ్మా." పిల్ల నమ్ముతది. ఇంట్లోళ్లం మనం గూడ నమ్ముతం.

గా ఏడాది లెక్క ఏ చట్టంల లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం అడిగింది 80 దినాలే. కాన్పు తేదీకి ముందటి 12 నెలలల్ల ఆ యజమాని దగ్గర అన్ని దినాలు పనిచేస్తే సాలు. దాని జాగల వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్ల గూడ గదే 80. మొదటి రెండు కాన్పులకు 26 వారాలు జీతంతోని సెలవు. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలు.

టెంపరరీ అన్న సాకు గూడ నిలువదు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ల మస్టర్ రోల్ మీద రోడ్ల పనిచేసే రోజుకూలీ ఆడోళ్లకు గూడ ఈ హక్కున్నదని సుప్రీంకోర్టు 2000లనే తేల్చింది. కాంట్రాక్టు గడువు నడుమల అయిపోయినా రావాల్సిన సెలవు జీతం ఆగొద్దని 2023ల ఇంకో తీర్పు.

మరి దెబ్బ ఎక్కడ పడుతున్నది? కాయితంల. చట్టం 10 మంది, ఆపైన ఉన్న దుకాణానికే వర్తిస్తది. పద్నాలుగు మంది నిలబడి చీరలు సూపెడుతుంటే, రిజిస్టర్ల తొమ్మిది పేర్లే రాస్తే అయిపాయె! జీతం 21,000 లోపుంటే ఈఎస్ఐ ఇస్తది, దానికి వెనుకటి రెండు ఆర్నెల్ల చందా కాలాలల్ల 70 దినాల చందా పడి ఉండాలె. చేతికి నగదు తీసుకున్న పిల్లకు ఆ చందా ఎవరు కట్టిన్రు?

నాకు ఎక్కువ మనసున పట్టేది నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు బీడీలు చేసే అక్కల సంగతి. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్ల కూసోని చుట్టేటోళ్లను గూడ ప్రసూతి చట్టం కిందికి తెచ్చింది. సేట్ పని ఇయ్యక లే ఆఫ్ పెట్టిన దినాలు గూడ 80ల కలుస్తయ్. నెలకు ఏడు దినాలు లెక్కకొచ్చినా ఏడాదికి 84. అంటే దాటినట్టే. కానీ శానమంది ఇంకొకరి పేరు మీద ఆకు, తంబాకు తెచ్చుకుంటరు. చేతులు ఈమెవి, 84 దినాలు ఆమెవి. కాన్పు మాత్రం ఈమెకే అయితది.

అందుకే చెల్లెకో, పెండ్లానికో కొత్త నౌకరి దొరికిన దినమే అడుగుండ్రి: రిజిస్టర్ల పేరెక్కిందా, ఈఎస్ఐ నంబరు ఇచ్చిన్రా, జీతం బ్యాంకుల పడతదా? కడుపున పడ్డంక లీవు నోట అడగొద్దు, రాసియ్యాలె. ఇచ్చే ముందు ఆ కాయితం ఫోన్ల ఫొటో తీసి పెట్టుకోవాలె. సెలవుల ఉన్నప్పుడు నౌకరిల నుంచి తీసేస్తే అది చట్టం ప్రకారం నేరం, లేబర్ ఆఫీసుకు పోవచ్చు. పోయినంక వాళ్లు మొదలు అడిగేది గా ఫొటోనే.