చట్టం ఉంది, వినే చెవి ఏదీ?

నేను తొమ్మిదో తరగతి చదివిన రెసిడెన్షియల్ స్కూల్లో నా పక్క బెంచీ వాడు దసరా సెలవులకి ఇంటికెళ్లి పది రోజులు ఆలస్యంగా తిరిగొచ్చాడు. వాళ్ల నాన్న పోయాడని మాకు తెలుసు. ఆ చావుని వాడు కళ్లారా చూశాడన్న సంగతి మాత్రం చాలా ఏళ్లకు తెలిసింది. వచ్చాక మాట తగ్గించేశాడు. అర్ధరాత్రి లేచి కూర్చునేవాడు. పక్క తడిపేవాడు. స్టడీ అవర్‌లో గంటసేపు ఒకే పేజీ చూస్తూ ఉండేవాడు. వార్డెన్ "మొండికేశాడు" అన్నారు. లెక్కల సారు "బద్ధకం" అన్నారు. బెత్తం తన పని తాను చేసింది. వాడి స్నేహితులమైన మేం పక్క తడిపినందుకు నవ్వాం. వేసవి సెలవులకు వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

మొన్న జీఎస్-2లో బలహీన వర్గాల సంక్షేమం రివిజన్ చేస్తుంటే వాడు గుర్తొచ్చాడు. ఆ స్కూల్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఆ వార్డెనే సొంత డబ్బుతో వాడి ఊరెళ్లి వాళ్లమ్మని పరామర్శించి వచ్చారు. భయపడిపోయిన పిల్లవాడు ఎలా ఉంటాడో ఆయనకి ఎవరూ నేర్పలేదు, అంతే. ఈ వ్యాసం ఆ నేర్పడం గురించే. పిల్లల హక్కుల మీద మనం రాసే జవాబుల్లో చట్టాల పేర్లన్నీ వస్తాయి. ఆ పిల్లవాడి ఎదురుగా కూర్చునే మనిషి ఎక్కడ, ఎవరి దగ్గర, ఎన్ని గంటలు పని నేర్చుకున్నాడన్న ప్రశ్న మాత్రం రాదు. నా అభిప్రాయంలో అసలు ప్రశ్న అదే.

ట్రామా అంటే ఏది?

ఈ మధ్య మనం ప్రిలిమ్స్ కటాఫ్ రెండు మార్కులతో పోయినా "ట్రామా" అనేస్తున్నాం. అది బాధ, నిజమైన బాధే. కానీ ట్రామా వేరు. ప్రాణానికో శరీరానికో ముప్పు వచ్చిన సంఘటన, లేదా కాపాడాల్సిన మనిషే హింసించడం, మనసు తట్టుకునే శక్తిని దాటిపోయి, ముప్పు తొలగాక కూడా ఒంట్లో భయం మిగిలిపోవడం. పిల్లల్లో అది ఏడుపుగానే బయటపడాలని లేదు. కోపంగా, చదువులో వెనకబాటుగా, కడుపునొప్పిగా, పక్క తడపడంగా కనిపించవచ్చు. అందుకే అది క్రమశిక్షణ సమస్యలా కనిపించి పెద్దల్ని మోసం చేస్తుంది.

దీని ప్రభావం బాల్యంతో ఆగదు. అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే వైద్యులు 17 వేల మందికి పైగా పెద్దవాళ్లతో చేసిన ఏస్ అధ్యయనం తొలి ఫలితాలు 1998లో వచ్చాయి. బాల్యంలో హింస, నిర్లక్ష్యం, ఇంట్లో తాగుడు లాంటి అనుభవాల సంఖ్య పెరిగేకొద్దీ పెద్దయ్యాక డిప్రెషన్, వ్యసనాలు, ఆత్మహత్యా ప్రయత్నాలే కాదు, గుండెజబ్బులాంటి శారీరక రోగాల ముప్పు కూడా పెరుగుతుందని అది చూపించింది.

మన దేశం సంగతి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన బాలలపై వేధింపుల అధ్యయనం అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింస ఎదుర్కొన్నామన్నారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నవాళ్లు 53 శాతం పైనే. వేధించినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లో, నమ్మినవాళ్లో.

చట్టం ఎవరిని ఊహించుకుంది?

2012 నాటి పోక్సో చట్టాన్ని ఒకసారి మానవ వనరుల కళ్లతో చదవండి. సెక్షన్ 24 ప్రకారం పిల్లల వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. సెక్షన్ 27 ప్రకారం వైద్య పరీక్ష సమయంలో తల్లిదండ్రులో, పిల్లలు నమ్మే మరొకరో పక్కన ఉండాలి. సెక్షన్ 33 ప్రకారం సాక్ష్యం కోసం వాళ్లని పదే పదే కోర్టుకి పిలవకూడదు. సెక్షన్ 39 మానసిక ఆరోగ్యం, బాలల వికాసం తెలిసిన నిపుణుల సాయం తీసుకోవడానికి రాష్ట్రాలు మార్గదర్శకాలు రూపొందించాలంటుంది. 2020 నిబంధనలు కేసు పొడవునా పిల్లల వెంట ఉండే సహాయక వ్యక్తి గురించి వివరంగా చెబుతాయి.

ప్రతి సెక్షన్ వెనుకా ఒక మనిషి ఉన్నాడు. ఓపికగా వినగలిగేవాడు, ఏం అడగాలో, ఏం అడగకూడదో తెలిసినవాడు. 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా ఆ మనిషినే ఊహించుకుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో మార్గదర్శకాలు ఇస్తూ, వంద మంది లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో బాలల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. మంచి మాట. మరి ఇంతమందికి ఆ శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

ఎంబీబీఎస్ తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్‌లో, 2021 నిబంధనల ప్రకారం, సైకియాట్రీకి దక్కేది రెండు వారాలు. అందులో పిల్లల విభాగం ఎంత చూస్తారన్నది ఆ కాలేజీ అదృష్టం. దేశంలో లక్ష జనాభాకి సైకియాట్రిస్టులు 0.75 మంది. పిల్లల సైకియాట్రిస్టులు అందులో మళ్లీ కొద్దిమందే.

ఆశ్చర్యం ఏమిటంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టానికి ఈ విషయం తెలుసు. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఎవరో చెబుతూ, రెండేళ్ల ఫుల్‌టైమ్ కోర్సులో భాగంగా పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ పొంది ఉండాలని నిర్వచనంలోనే రాసింది. అంటే డిగ్రీ ఒక్కటే చాలదని, ఒక సీనియర్ చూస్తుండగా రోగులతో పనిచేసి ఉండాలని చట్టమే ఒప్పుకుంది. అదే సూత్రాన్ని పిల్లల్ని మొదట చూసే మిగతావాళ్లకి మాత్రం మనం వర్తింపజేయలేదు. వాళ్లకి ఇచ్చేది ఒక రోజు వర్క్‌షాపు, ఒక పీపీటీ, మధ్యాహ్నం భోజనం, చివర ఒక గ్రూప్ ఫొటో.

ఇంటర్న్‌షిప్పే ఎందుకు?

నేను ఇంజినీరింగ్ చదివాను. మా కోర్సులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. నేను రెండు నెలలు పనిచేసినట్టు సర్టిఫికెట్ ఉంది కానీ, ఆ ఆఫీసు గడప నేను తొక్కింది ఒకే ఒక్కసారి, డబ్బు కట్టి కాగితం తెచ్చుకోవడానికి. నేనేం గర్వంగా చెప్పడం లేదు. ఆ కాగితంతో నేను ఏ వంతెనా కట్టలేదు కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. పిల్లల మనసు విషయంలో అలాంటి కాగితం నిజంగా ప్రమాదం.

ఒక ఉదాహరణ. వేధింపు అనుమానం ఉన్న ఆరేళ్ల పాపని "మామయ్య నిన్ను తాకాడు కదా?" అని అడిగితే, పెద్దవాళ్లు కోరుకున్న జవాబు ఇవ్వడానికి తలూపేస్తుంది. రేపు కోర్టులో ఆ వాంగ్మూలం నిలవదు. నిర్దోషి ఇరుక్కోవచ్చు, దోషి తప్పించుకోవచ్చు. "ఆ రోజు ఏం జరిగిందో నీకు వచ్చినట్టు చెప్పమ్మా" అని అడిగి, తర్వాత వచ్చే మౌనాన్ని భరించాలి. ఈ తేడా పుస్తకంలో రెండు లైన్లు. మనిషికి అలవాటు కావాలంటే నెలలు పడుతుంది. ముందు సీనియర్ పక్కన కూర్చుని చూడాలి, తర్వాత సీనియర్ చూస్తుండగా చెయ్యాలి, చేసినదాన్ని తిరిగి చర్చించుకుని తప్పులు ఒప్పుకోవాలి.

చికిత్స కూడా అంతే. ట్రామా మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పిల్లల విషయంలో బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి. సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు ఉంటాయి. ముందు ఒంటిని, భావాలను శాంతపరచుకోవడం నేర్పుతారు. ఆ తర్వాతే మెల్లగా జరిగినదాన్ని పిల్లల చేత మాటల్లోనో బొమ్మల్లోనో చెప్పిస్తారు. తల్లిదండ్రులకీ సమాంతరంగా సెషన్లు ఉంటాయి. ఈ క్రమం తెలియని ఉత్సాహవంతుడు మొదటి రోజే "అంతా చెప్పేయ్, మనసు తేలికవుతుంది" అంటే, పాత గాయం మళ్లీ రేగుతుంది. పైగా పోక్సో సెక్షన్ 19 కింద నేరం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకో ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. అందుకే "ఎవరికీ చెప్పను" అని పిల్లలకి మాట ఇవ్వకూడదు. ఆ నిజాన్ని నమ్మకం పోకుండా ఎలా చెప్పాలన్నది కూడా చూసి నేర్చుకోవాల్సిన పనే.

ఇంకొక కారణం, నేర్చుకునేవాళ్ల క్షేమం. రోజూ ఇలాంటి కథలు వినే ఇరవై మూడేళ్ల కుర్రాడికీ నిద్ర పట్టదు. పర్యవేక్షకుడు లేకపోతే అతను ఉద్యోగమైనా వదిలేస్తాడు, మనసైనా మొద్దుబార్చుకుంటాడు.

నివారణ ఆస్పత్రిలో జరగదు

ఇక్కడ చాలా శిక్షణలు ఆగిపోతాయి. ఇంటర్న్ ఆస్పత్రి గదిలోనే ఉంటే, గాయమైన పిల్లలే కనిపిస్తారు. గాయం ఎక్కడ మొదలవుతుందో కనిపించదు. అందుకే కొన్ని వారాలు అంగన్‌వాడీలో, ప్రభుత్వ హాస్టల్లో, బాలల సంరక్షణ గృహంలో, బాలల సంక్షేమ కమిటీ దగ్గర గడపాలి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 బెత్తాన్ని 2009లోనే నిషేధించింది. అయినా మా స్కూల్లో అది ఎందుకు మిగిలింది? అరవై మంది పిల్లలని ఒక్క వార్డెన్ రాత్రంతా చూసుకోవాల్సి వస్తే బెత్తం ఎందుకు చేతిలోకి వస్తుందో అక్కడ నాలుగు రాత్రులు ఉంటే అర్థమవుతుంది. అది అర్థమైనవాడే ఆ వార్డెన్‌కి పనికొచ్చే సలహా ఇవ్వగలడు.

వచ్చే అభ్యంతరాలు

మొదటిది: "డాక్టర్లే లేని దేశంలో ఇంత పొడవు శిక్షణలా? ముందు సంఖ్య, తర్వాత నాణ్యత." ఇందులో నిజం ఉంది. అందరూ థెరపిస్టులు కానక్కర్లేదు. టీచర్‌కి గుర్తుపట్టడం, నొప్పించకుండా వినడం, సరైన చోటికి పంపడం వస్తే చాలు. కౌన్సెలర్‌కి అంతకంటే ఎక్కువ, క్లినికల్ సైకాలజిస్టుకి ఇంకా ఎక్కువ. కానీ ఏ మెట్టులోనైనా పర్యవేక్షణ తీసేస్తే మనం పెంచేది సంఖ్యను మాత్రమే.

రెండోది: "ఇదంతా పాశ్చాత్యుల గోల, మన పిల్లల్ని అమ్మమ్మలే చూసుకునేవారు." అమ్మమ్మ ఒడి గొప్ప మందే. పిల్లలు కోలుకోవడానికి నమ్మదగిన పెద్ద మనిషి ఒకరుండటం కీలకమని పరిశోధనలూ చెబుతాయి. అయితే హింస ఇంట్లోనే జరిగితే? "పరువు పోతుంది, ఊరుకో" అన్నది ఆ ఇల్లే అయితే? మన వైపు ఎర్రగడ్డ అన్న ఊరి పేరే ఎగతాళి మాట అయిపోయింది. అంత సిగ్గు ఉన్న చోట కుటుంబం ఒక్కటే సరిపోదు.

ఏం చెయ్యవచ్చు?

కొత్త చట్టం అక్కర్లేదు. 2021 జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం కౌన్సెలర్ల వంటి వృత్తులను ఒక నియంత్రణ కిందికి తెచ్చింది. ఆరోగ్య వృత్తి నిపుణుల డిగ్రీకి కనీసం 3,600 గంటలని కూడా చెప్పింది. ఆ గంటల్లో పిల్లలతో, పర్యవేక్షణలో గడిపేవి ఎన్నో విడిగా రాయాలి. క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. స్థానంలో కొత్త కోర్సులు వస్తున్న సమయం ఇది. ఇప్పుడు రాయకపోతే ఇంకో ఇరవై ఏళ్లు ఆగాలి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2020లో మొదలైన సంవాద్ కార్యక్రమం కష్టాల్లో ఉన్న పిల్లలతో పనిచేసేవాళ్లకి శిక్షణ ఇస్తోంది. ప్రతి రాష్ట్రంలో ఒక బోధనాసుపత్రికి ఆ పాత్ర ఇవ్వవచ్చు. సఖి కేంద్రాలు, హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా లాంటి కేంద్రాలు ఇంటర్న్‌లకు పోస్టింగ్ స్థలాలు కావచ్చు. అయితే ఒక షరతు: ఇంటర్న్‌లు చౌకగా దొరికే చేతులు కాకూడదు. స్టైపెండ్ ఉండాలి, పక్కన సీనియర్ ఉండాలి. ఆ సీనియర్ లేని చోటికి ఇంటర్న్‌ని పంపకూడదు.

ఇక మన సంగతి

మిత్రులారా, ఇది సైకాలజీ ఆప్షనల్ వాళ్ల టాపిక్ అనుకోకండి. 2021 సవరణతో జువైనల్ జస్టిస్ చట్టం కింద జిల్లా బాలల పరిరక్షణ వ్యవస్థ మీద జిల్లా మేజిస్ట్రేట్‌కి నేరుగా బాధ్యత వచ్చింది. మనలో ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే, నెలవారీ సమీక్షలో "కౌన్సెలర్ పోస్టు: భర్తీ" అన్న వరుస కనిపిస్తుంది. దాని మీద టిక్ పెట్టి ముందుకు వెళ్లడం తేలిక. అప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఈయన ఎవరి పర్యవేక్షణలో, ఎంతమంది పిల్లలతో పనిచేసి వచ్చారు?"

మా స్కూల్ రికార్డుల్లో నా పక్క బెంచీ వాడు ఒక డ్రాపౌట్. ఆ అంకెను మనం జవాబుల్లో చాలాసార్లు రాస్తాం. వాడి పక్క తడిసిన రోజున, ఎందుకని నెమ్మదిగా అడగడం తెలిసిన మనిషి ఒక్కరు ఆ హాస్టల్లో ఉండి ఉంటే, పదో తరగతిలో కూడా ఆ బెంచీలో మేం ఇద్దరం కూర్చునేవాళ్లమేమో.