పాత కంప్యూటర్‌ను కబాడీకి వేసే ముందు

బేగం బజార్ దుకాణాల్లో ఇప్పుడు ఒక కొత్త ఫికర్ మొదలైంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఖతమైంది. విండోస్ 11 పెట్టాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరంది గానీ ఆ తర్వాతిది గానీ కావాలి. 2016లో కొన్న కంప్యూటర్ ఎంత మంచిగా నడుస్తున్నా ఈ లెక్కలో ఫెయిలే. "కబాడీకి వేసేయ్ చాచా, కొత్తది తీసుకో" అని ఒకరంటారు. "లినక్స్ పెట్టుకో, ముఫ్త్" అని ఇంకొకరు. "అరె, అందులో డ్రైవర్లే దొరకవు భాయ్" అని మూడో మనిషి.

ఈ గల్లీల్లో దుకాణాల కంప్యూటర్లు బాగుచేస్తూ బతికేవాణ్ని నేను. నా రాయ్ ఏమిటంటే, ముగ్గురూ సగం మాటే చెబుతున్నారు. ఏ సిస్టమ్ పెట్టాలన్నది తర్వాతి సవాల్. మీ టేబుల్ మీద ఏ ప్రింటర్ ఉంది, డబ్బా లోపల ఏ వైఫై చిప్పు ఉందన్నది ముందు చూడాలి.

డ్రైవర్ అంటే తర్జుమాన్ అనుకోండి. ప్రింటర్ భాష కంప్యూటర్‌కు రాదు, కంప్యూటర్ భాష ప్రింటర్‌కు రాదు. మధ్యలో ఈ తర్జుమాన్ నిలబడి అటుదిటు, ఇటుదటు చెబుతాడు. అతణ్ని పంపే జిమ్మేదారి ఎవరిదన్న దగ్గరే సిస్టమ్‌ల మధ్య ఫరక్ వస్తుంది.

విండోస్‌లో ఎక్కువగా ఆ సామాను తయారుచేసిన కంపెనీయే పంపుతుంది. సామాను కొత్తగా ఉన్నన్ని రోజులు హాయి. పాతబడ్డాక కంపెనీకి దానిమీద ఫాయిదా ఉండదు, కొత్త విండోస్‌కు డ్రైవర్ రాయదు. 2007లో విస్టా వచ్చినప్పుడు మంచి మంచి స్కానర్లు, ప్రింటర్లు అలాగే మూలపడ్డాయి. మాక్‌లో కంప్యూటరూ సిస్టమూ రెండూ ఆపిల్‌వే కాబట్టి లోపలి సామానుతో తక్లీఫ్ లేదు, కానీ మన బజారు దుకాణాల్లో మాక్ ఎన్ని చూశారు? వదిలేద్దాం.

లినక్స్ దారి వేరు. వేల డ్రైవర్లు దాని కెర్నెల్‌లోనే ఉంటాయి. ఇన్‌స్టాల్ చేయగానే సౌండు, స్క్రీను, కెమెరా చాలావరకు ఏ సీడీ లేకుండా వాటంతటవే లేస్తాయి. కంపెనీ మర్చిపోయిన పాత సామానును కూడా ఎవరో ఒకరు మెహనత్ చేసి నడిపిస్తూనే ఉంటారు. అసలు చిక్కు, తన భాష ఎవరికీ చెప్పని సామానుతోనే.

దీనికి ప్రింటర్‌ను మించిన మిసాల్ లేదు. మన జిరాక్స్ సెంటర్లలో తరచూ కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900నే తీసుకోండి. దాని భాష క్యాప్ట్ అని కేనన్ సొంతం. లినక్స్‌కు కేనన్ డ్రైవర్ ఇచ్చింది గానీ అది పాతబడిపోయింది, కొత్త ఉబుంటులో దాన్ని లేపడానికి ఓపిక కావాలి. హెచ్‌పీ వాళ్లు హెచ్‌ప్లిప్ అనే డ్రైవర్‌ను ఓపెన్‌గా ఇచ్చారు. వాటిలో చాలా ప్రింటర్లు తీగ పెట్టగానే నడుస్తాయి, లేజర్‌జెట్ 1020 లాంటి కొన్నింటికి ఒక ప్లగిన్ అదనంగా దించుకోవాలి. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ పని ఎత్తుకోవడం వెనక కూడా ఒక ప్రింటర్ గొడవే ఉంది. ఎంఐటీలో వాళ్లకు వచ్చిన జిరాక్స్ లేజర్ ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ను సరిచేసుకుందామంటే దాని సోర్సు చేతికివ్వలేదు.

దుకాణదారులు భయపడే బిల్లు మెషీన్ మాత్రం అంత జిద్దీది కాదు. చిన్న థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి ఎప్సన్ మొదలుపెట్టిన ఈఎస్‌సీ-పాస్ భాష వస్తుంది, అది అందరికీ తెలిసినదే. బార్‌కోడ్ స్కానర్ అయితే కంప్యూటర్‌కు కీబోర్డులాగే కనబడుతుంది, దానికి వేరే తర్జుమాన్ అక్కర్లేదు.

వైఫై దగ్గర ఇప్పటికీ కొంచెం కిస్మత్ ఆటే. బ్రాడ్‌కామ్ 2010లో ఓపెన్ డ్రైవర్ ఇచ్చేదాకా దాని చిప్పులతో లినక్స్ వాళ్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఇప్పటికీ కొన్ని చిప్పులు తొలిసారి లేవవు. అప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వచ్చేస్తుంది, ఆ నెట్‌తోనే వైఫై డ్రైవర్ దించుకోవచ్చు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. పైసా ఖర్చు పెట్టకముందు ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింటో ఉబుంటో వేసి, దాన్నుంచే కంప్యూటర్ లేపి చూడండి. హార్డ్ డిస్క్‌లో మీ లెక్కలు, ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి, ఇన్‌స్టాల్ బటన్ నొక్కకుండా ఉంటే చాలు. వైఫై పట్టిందా, పాట వినబడిందా, ఒక పేజీ ప్రింట్ వచ్చిందా? అరగంటలో జవాబు దొరుకుతుంది. "ఆల్ డ్రైవర్స్" అని పెన్‌డ్రైవ్‌లో తిరిగే ప్యాక్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకండి. డ్రైవర్ అంటే కంప్యూటర్ గర్భంలో కూర్చునేది. దొంగ తర్జుమాన్‌ను ఇంట్లో పెట్టుకున్నట్టే.

అలాగని అందరికీ లినక్స్ అంటగట్టడం కూడా జుల్మే. టాలీ మీద దుకాణం నడిపేవాళ్లకూ, శాదీ రుఖాలు ఇన్‌పేజ్‌లో కట్టేవాళ్లకూ విండోసే కావాలి, ఆ సాఫ్ట్‌వేర్లు దానికోసమే తయారయ్యాయి. ఈ మధ్య ఒక మేవాల దుకాణం చాచాకు టాలీని కొడుకు కొత్త ల్యాప్‌టాప్‌లోకి మార్చాను. పాత కంప్యూటర్‌కు మింట్ వేసి ఇంటికి పంపాను. అంత మంచి మెషీన్‌ను పారేయడం ఇస్రాఫ్ కదా. ఇంటర్ చదివే వాళ్లమ్మాయి దాంట్లోనే పాఠాలు వింటోంది, నోట్సు రాసుకుంటోంది. వాళ్లింట్లో ప్రింటర్ లేదు. ఒకటి కొనాలని చాచా అడిగితే, డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ అని రాసున్నది చూసి తెమ్మన్నాను. అలాంటిదానికి లినక్స్‌లో వేరే డ్రైవర్ వెతకాల్సిన పని దాదాపు ఉండదు. ధర కొంచెం ఎక్కువని చాచా ఇంకా సోచాయిస్తున్నాడు.