తాళం వేశాడా, వేయలేదా?

"మస్ట్ అన్నా షుడ్ అన్నా మనకు 'వలెను' అనే కదా నేర్పారు, మరి వెనకాల హావ్ చేరేసరికి ఎవరి దారి వారిదవుతుందేమిటి?" అని కాకినాడ నుంచి ఒక సోదరి రాశారు. జవాబు నాకు తెలుసు. తెలిసివచ్చిన తీరు మాత్రం గొప్పగా చెప్పుకోదగ్గది కాదు. అయినా చెబుతాను.

కొన్నేళ్ళ కిందట మా కాలేజీ లేబొరేటరీలో రెండు మైక్రోస్కోపులు పోయాయి. ఆ గది తాళంచెవి అటెండరు దగ్గరుండేది. సంజాయిషీ అడిగారు. "ఆ సాయంత్రం గదికి తాళం వేసే ఉంటాను. పాతికేళ్ళుగా వేస్తూనే ఉన్నాను" అని పాపం, తెలుగులో రాసిచ్చాడు. విచారణ చేసేవారిలో ఒకాయనకు తెలుగు రాదు. ఇంగ్లీషులో పెట్టమని కాగితం నా చేతికిచ్చారు. నేను తెలుగు ఎమ్మేని. అయితేనేం, ఈ రెండు ముక్కలకు భయపడతానా? 'ఐ షుడ్ హావ్ లాక్డ్ ది రూమ్' అని రాసి సంతకం పెట్టేశాను.

మర్నాడు అతను నా గుమ్మంలో నిలబడ్డాడు. "తప్పు ఒప్పుకున్నానంటున్నారండి మాస్టారూ! జీతంలోంచి కోస్తారటండి. నేనెప్పుడు ఒప్పుకున్నానండీ?"

నాకేమీ బోధపడలేదు. పక్కగది ఇంగ్లీషు మేష్టారు కాగితం చూసి నెత్తి కొట్టుకున్నారు. "ఏమయ్యా, 'తాళం వేసి ఉండాల్సింది, వేయలేదు' అని అతని చేత చెప్పించావు!"

అదీ సంగతి. జరిగినదానికి షుడ్ హావ్ వాడితే సాధారణంగా అది జరగలేదనీ, జరగకపోవడం తప్పనీ అర్థం. వేసే ఉంటానన్న మన ఊహకు, అంటే రుజువు లేకపోయినా మనసు గట్టిగా చెప్పేదానికి, మస్ట్ హావ్ రావాలి. నన్ను దారి తప్పించింది మన 'ఉండాలి'. "ఈపాటికి రైలు వచ్చి ఉండాలి" అంటాం. అక్కడ ఇంగ్లీషులోనూ షుడ్ హావ్ చెల్లుతుంది. కాని మనిషి తాను చేసిన పని గురించి అంటే విన్నవాడికి పశ్చాత్తాపమే వినిపిస్తుంది.

అసలీ హావ్ ఎందుకు? మస్ట్ అనేది పూర్వపు ఇంగ్లీషులో భూతకాల రూపమే. కాలక్రమాన వర్తమానంలోకి వచ్చి కూర్చుంది. ఇక దానికి వేరే భూతకాలం లేదు. అందుకని హావ్‌ను అరువు తెచ్చుకుంటుంది. (దీన్ని గబగబా పలికితే 'అవ్' అని వినిపిస్తుంది. ఇంగ్లీషు పిల్లలు కూడా హావ్‌కు బదులు ఆఫ్ అని రాసి దెబ్బలాట పెట్టుకుంటారు. మనమొక్కళ్ళమే కాదు లెండి.) అరువు తెచ్చినా ఊహకే పనికొస్తుంది. "తాళం వేయాల్సి వచ్చింది" అనాలంటే మస్ట్ హావ్ కాదు, హాడ్ టు. "వేసి ఉండడు" అనాలంటే మస్ట్‌కు నాట్ తగిలించడం కన్నా కాంట్ హావ్ అనడం మేలు.

మే హావ్, మైట్ హావ్‌ల దగ్గర మరీ జాగ్రత్త. చెరువులో పడ్డవాడి గురించి మే హావ్ అంటే మునిగిపోయాడో లేదో మనకింకా తెలియదు. మైట్ హావ్‌కు ఆ అర్థమూ ఉంది. "మునిగిపోయేవాడే, తృటిలో తప్పింది" అన్న అర్థమూ ఉంది. ఉత్తరంలో ఈ రెంటినీ తారుమారు చేస్తే అవతల ఇంట్లో ఏడుపులే.

ఆ సోదరి మరో ప్రశ్న కూడా వేశారు. అన్నగారు చూడడానికి వెళితే 'యూ నీడ్‌నాట్ హావ్ కమ్' అన్నారట వదినగారు. రావద్దన్నట్టా అని వీరి బాధ. కాదమ్మా. వచ్చారు, కాని అంత శ్రమ అక్కర్లేకపోయింది అని. 'డిడ్‌నాట్ నీడ్ టు కమ్' అంటే అవసరం లేదన్నంతవరకే. వచ్చారో లేదో ఆ మాటల్లో లేదు. వదినగారు ఏ గొంతుతో అన్నారో మాత్రం వ్యాకరణం చెప్పలేదు.

అటెండరు కాగితం నేనే తిరగరాసి, పొరపాటు నాదని కింద ఒక వాక్యం చేర్చి పట్టుకెళ్ళాను. జీతం కోత ఆగింది. మైక్రోస్కోపులు దొరకలేదు. ఆ తర్వాత అతను రోజూ సాయంత్రం నన్ను పిలిచి, నా ఎదుటే తాళం వేసి, ఒకటికి రెండుసార్లు లాగి చూపించి మరీ ఇంటికి వెళ్ళేవాడు.